లందకు చోటు

ఏలూరులో తమ్మిలేటి గట్టున విశ్వాసం లందలు ఎక్కడున్నాయని కొత్తవాళ్ళు కూడా దారి అడిగేవారు కాదు. ముక్కే తీసుకెళ్ళేది. లంద అంటే తోలు ఊరబెట్టే గుంత. తంగేడు చెక్క దంచి నీళ్ళలో నానేస్తే ఎర్రగా, చిక్కగా కషాయం దిగుతుంది. పచ్చి తోలు ఆ కషాయంలో నెలల తరబడి ఊరితే గాని చెప్పుగానో, కాడి పట్టెడగానో, బొక్కెనగానో బతికే యోగ్యత దానికి రాదు. అంతకాలం వాసన తప్పదు మరి. ఆ వాసనకి ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకోని పెద్దమనిషి ఊళ్ళో లేడు. విశ్వాసం కుట్టిన కిర్రు చెప్పులు వేసుకోని పెద్దమనిషీ లేడు. కిర్రు కిర్రుమంటూ నడిచొచ్చి, ముక్కు మూసుకుని, ఇంకో జత కుట్టమని చెప్పి వెళ్ళిపోయేవారు.

విశ్వాసం దానికి బాధపడేవాడు కాదు. మనిషి పొట్టి, గట్టి. చేతులు మోచేతుల దాకా తంగేడు రంగు పట్టి ఉండేవి. పెళ్ళినాడు ఎంత తోమినా ఆ రంగు పోలేదని భార్య సారమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఆదివారం ప్రార్థనకి తెల్లచొక్కా తొడుక్కుని వెళ్ళి, చేతులు ఒళ్ళో దాచుకుని చాప మీద కూర్చునేవాడు. అతని పక్క చాప మాత్రం ఎప్పుడూ కొంత ఖాళీగానే ఉండేది. దేవుడి బిడ్డలందరూ సమానమేనని పాట పాడుతూనే జనం ఇంకాస్త అవతలకి జరిగేవారు. ‘పోనీలే మావా, మనకి గాలాడుతుంది’ అనేది సారమ్మ.

లందలు విశ్వాసం తాత తవ్వినవి. అయితే అసలు ఆస్తి ఆ గుంతలు కాదు, వాటిలో ఉన్న కషాయం. దాన్ని ఎప్పుడూ పూర్తిగా ఎత్తిపోయరు. పాతది అడుగున కొంత ఉంచి, దాని మీదే కొత్త చెక్క వేసి, కొత్త నీళ్ళు పోస్తారు. పాలకి తోడు ఎలాగో దీనికి అది అలాగ. వట్టి కొత్త కషాయంలో వేస్తే తోలు పైపైన గట్టిపడిపోయి లోపల పచ్చిగా ఉండిపోతుంది. పాతది పులిసి, నెమ్మదించి ఉంటుంది కనక లోపలి దాకా దిగుతుంది. అలా తాతనాటి కషాయం తండ్రి చేతికి, తండ్రి నుంచి విశ్వాసం చేతికి, ఒక్క రోజు కూడా ఎండకుండా వచ్చింది. విశ్వాసం వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని ఏ లందకి ఏం కావాలో చెప్పేసేవాడు. ‘మా తాతని నేను చూళ్ళేదు గాని రోజూ రుచి చూస్తాను’ అనేవాడు. వినేవాళ్ళు మొహం పక్కకి తిప్పుకునేవారు. అతనికి మాత్రం నవ్వొచ్చేది.

ఇలా ఉండగా ఊరు పెరిగింది. పందొమ్మిది వందల ముప్పయ్యారు వచ్చేసరికి తమ్మిలేటి గట్టు దాకా వకీళ్ళ మేడలు లేచాయి. లందలు వెళ్ళి మేడల పక్కన కూర్చోలేదు. మేడలే వచ్చి లందల పక్కన కూర్చుని, ఛీ కంపు అన్నాయి. వానలు వెనకపట్టాక మునిసిపాలిటీ నుంచి ఒక ఇన్‌స్పెక్టరు వచ్చి, గట్టు మీదే నిలబడి, వేసవి రాకముందే లందలు ఖాళీ చెయ్యాలని చెప్పాడు. మాట మెత్తగానే చెప్పాడు.

‘మరి ఎక్కడికి పొమ్మంటారండీ?’ అన్నాడు విశ్వాసం.

‘ఎక్కడికైనా. ఊరికి దూరంగా’ అన్నాడాయన.

అది చెప్పినంత తేలిక కాదు. ఊరికి దూరమైన ప్రతి చోటూ ఇంకో ఊరికి దగ్గరే. పైగా లందకి ఏ చోటు పడితే ఆ చోటు పనికిరాదు. వరద ఎక్కకూడదు. నీళ్ళు దగ్గరుండాలి, లంద మురికి మాత్రం ఎవరూ తాగే నీళ్ళలో కలవకూడదు. సాయంత్రం గాలి తిరిగినప్పుడు వాసన ఇళ్ళ మీదికి పోకూడదు. ఇవన్నీ ఉన్న నేల ఎవరిదో ఒకరిదై ఉంటుంది. ఆ ఒకరు ఒప్పుకోవాలి. విశ్వాసానికి ఆ చివరిదే కష్టమని అప్పటికి తెలీదు. మంచి చోటు కనిపెట్టడమే తన పని అనుకున్నాడు.

ముందు దెందులూరు వెళ్ళాడు. ఆ రోజుల్లో రైతు ఇంట గొడ్డు చచ్చిపోతే దాని తోలు ఎవరిదో ముందే నిర్ణయమై ఉండేది. ఫలానా రైతుల గొడ్లు ఫలానా ఇంటివి. బదులుగా ఆ ఇంటివాడు ఆ రైతులకి ఏడాదంతా చెప్పులు, పట్టెడలు, చర్నాకోలలు కుట్టిపెట్టి, కోతల్లో తన వాటా గింజలు కళ్ళంలో పుచ్చుకునేవాడు. దాన్ని హక్కు అనేవారు. దెందులూరులో జోగారావు అనే పెద్దరైతు గొడ్లు, ఆయన చుట్టాల గొడ్లు తాతల నాటి నుంచీ విశ్వాసం ఇంటి హక్కు. ఆ చొరవతోనే విశ్వాసం ఆయన వాకిట్లో, గడపకి ఎంత దూరంలో నిలబడాలో అంత దూరంలో నిలబడి అడిగాడు.

‘కాలవ పక్కన తమ గట్టు చివర చవిటి ముక్క ఉంది కదండీ అయ్యగారూ. అక్కడేమీ పండదు కదండీ. నాలుగు గుంతలు తవ్వుకుంటానండీ.’

జోగారావు చెడ్డవాడు కాదు. కాసేపు నిజంగానే ఆలోచించాడు.

‘చూడు విశ్వాసం. మా గొడ్లు మీ తాత నాటి నుంచీ మీవే. నువ్వెక్కడున్నా మీవే. కాశీకి పోయి కూర్చున్నా కబురు పెడతాను, వచ్చి తోలు పట్టుకుపో. లంద మాత్రం మా గట్టున వద్దురా. కోడళ్ళు తిరిగే ఇల్లు.’

కోడళ్ళకీ లందకీ సంబంధమేమిటో విశ్వాసానికి తెలియలేదు. అడగలేదు కూడా. చిత్తం అన్నాడు. జోగారావు కిర్రు కిర్రుమంటూ గొడ్ల చావిడి వైపు వెళ్ళిపోయాడు. ఆ కిర్రు తను కుట్టిన చెప్పులదే. రెండు తోళ్ళ మధ్య ఏ ముక్క పెడితే అంత హుందాగా మోగుతుందో తన తండ్రి తనకి నేర్పాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ చప్పుడు వింటే విశ్వాసానికి ఒళ్ళు మండింది.

తరవాత ఎన్ని ఊళ్ళు తిరిగాడో చెప్పి లాభం లేదు, సమాధానం అన్నిచోట్లా ఒకటే. ఒకాయనకి పక్కనే గుడి ఉంది, ఒకాయనకి బడి కట్టించే ఉద్దేశం ఉంది, ఒకాయన మంచం మీద ఉన్న తల్లిని చూపించాడు. ఇంటికొస్తే సారమ్మ కాళ్ళకి నీళ్ళిచ్చి, ఏ ఊరని కూడా అడగడం మానేసింది. చివరికి తనే అంది.

‘గూడెం అవతల మెట్టన మా దేవరాజన్నయ్య ఉన్నాడు కదా మావా. మనవాడి దగ్గరికి పోకుండా ఊరందరి కాళ్ళూ పట్టుకుంటావేం?’

దేవరాజు సారమ్మకి చిన్నాన్న కొడుకు. తాడేపల్లిగూడెం అవతల ఎర్రనేల ఊళ్ళో అతనికీ లందలున్నాయి. పని బాగా తెలిసినవాడు. మాట మాత్రం పిసినారి, ఒకటి అంటే రెండోది అనడు. తోలు పని ఇళ్ళలో ఒక పద్ధతి ఉండేది. లందకి చోటు కావాలని చుట్టం దగ్గరికి వెళ్ళేవాడు ఒట్టి చేతులతో వెళ్ళకూడదు, తన లందలోంచి ఒక కుండ కషాయం పట్టుకెళ్ళాలి. అవతలివాడు కుండ అందుకుంటే మాట అందుకున్నట్టే. ఇష్టం లేకపోతే కుండ ముట్టుకోకూడదు. విశ్వాసం అన్నిటికన్నా పాత లందలోంచి కుండ నింపి, మూతికి గుడ్డ కట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని గూడెంలో దిగాడు. ఆ పెట్టెలో ఉన్నవాళ్ళు ముందే దిగిపోయారో ఏమో గాని కూర్చోడానికి చోటు మాత్రం బాగా దొరికింది.

దేవరాజు ఊరు చూసేసరికి విశ్వాసానికి గుండె ఆగినంత పనయింది. ఎటు చూసినా పచ్చగా పూసిన తంగేడు. ఏలూరుకి బళ్ళ మీద తెప్పించుకునే చెక్క ఇక్కడ కాళ్ళకి తగులుతోంది. దేవరాజు లందల వెనక వాలుగా దిగిన నేల ఉంది, వాన పడితే నీరు నిలవదు. పక్కన ఊట బావి. నీళ్ళు పుక్కిలించి చూశాడు, తియ్యగా ఉన్నాయి. సాయంత్రం దాకా కూర్చుని గాలి ఎటు పోతోందో చూశాడు. ఇళ్ళు లేని వైపుకే పోతోంది. చోటంటే ఇదీ అనుకున్నాడు. నాలుగు లందలూ ఎక్కడెక్కడ తవ్వాలో కళ్ళతోనే గీసేసుకున్నాడు.

‘బావగారూ, ఇక్కడ నాకు కాస్త చోటు కావాలండీ’ అని కుండ చాచాడు.

దేవరాజు కుండ వైపు చాలాసేపు చూశాడు. ముట్టుకోకుండా వంగి, గుడ్డ మీంచే వాసన చూశాడు. రెండు చేతులా అందుకున్నాడు. లోపలికి తీసుకెళ్ళి పెట్టి, బయటికి వచ్చి, నిలబడే చెప్పాడు.

‘మూడిళ్ళ వాళ్ళం ఉన్నాం బావా. నాలుగో ఇంటికి లేదు.’

విశ్వాసానికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ నేల వైపు మళ్ళీ చూశాడు. కళ్ళెదుట ఇంత నేల పడి ఉంటే మూడిళ్ళేమిటి, నాలుగో ఇల్లేమిటి? రైతులు లేదన్నారంటే వాళ్ళు రైతులు. సొంత మనిషి, కుండ పుచ్చుకుని, లేదనడమా? వండిన అన్నం తినకుండా, చీకటి పడుతుంటే వెళ్ళొస్తానని కూడా అనకుండా నడిచొచ్చేశాడు. ఇచ్చిన కుండ తిరిగి అడగలేడు, అంత సిగ్గులేని పని వాళ్ళలో ఎవరూ చెయ్యరు. ఏలూరు వచ్చాక మాత్రం కనపడ్డవాడికల్లా చెప్పాడు, దేవరాజంటే కుండ పుచ్చుకుని చోటివ్వని మనిషని. ఆ మాట అన్నప్పుడల్లా సారమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయేది.

ఆ సమయంలో వచ్చాడు గంగరాజు. కొల్లేటి లంకలో చేపలు పట్టుకునే మనిషి. నూలు వలలు నీళ్ళలో కుళ్ళిపోకుండా తంగేడు కషాయంలో నానబెట్టుకోడానికి ఏటా విశ్వాసం దగ్గరికి వచ్చేవాడు. సంగతి విని పకపకా నవ్వాడు.

‘దానికింత దిగులేంటి విశ్వాసం? మా లంకకి వచ్చెయ్యి. చివర దిబ్బ ఖాళీగా ఉంది. మాకూ వలలు మోసుకుని ఇంత దూరం రావడం తప్పుతుంది.’

‘వాసనండీ’ అన్నాడు విశ్వాసం, ముందే చెప్పెయ్యడం మంచిదని.

‘మా ఎండు చేపల దగ్గర నీ వాసన ఓ వాసనా!’

ఆ మాటకి విశ్వాసానికి కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళుగా ఎవరి నోటా రాని మాట అది. చోటు చూడ్డానికి గంగరాజు పడవలోనే బయల్దేరాడు. అప్పటికి మార్గశిరం. కొల్లేరు నిండుగా ఉంది, పడవ పోతుంటే కొంగలు లేచి మళ్ళీ వెనకే వాలుతున్నాయి. అంత సంతోషంలోనూ విశ్వాసం ఒళ్ళు మరిచిపోలేదు. దిబ్బ చుట్టూ తిరిగాడు. పెద్ద వరదకి నీళ్ళు ఎంత దాకా వచ్చాయో గంగరాజు తాడిచెట్టు మీద చూపిస్తే, గుంతలు అంతకన్నా మెరక మీద పడేలా చూసుకున్నాడు. గాలి చూశాడు. కొల్లేటి నీళ్ళు దోసెడు తాగాడు. వెంట తెచ్చిన తంగేడు చెక్క ఆ నీళ్ళలో రాత్రంతా నానేసి, తెల్లారి రంగు చూశాడు. ఎర్రగా, ముచ్చటగా దిగింది. చూడవలసినవన్నీ చూశాడు, అతన్ని అజాగ్రత్త మనిషి అనడానికి లేదు.

‘ఈ నీళ్ళు ఏడాదంతా ఇలాగే ఉంటాయామ్మా?’ అని గంగరాజు భార్య గంగమ్మని అడిగాడు కూడా.

‘ఏడాదంతా ఇవే తాగుతాం. ఎండల్లో మాత్రం మా పులుసులో ఉప్పెయ్యక్కర్లేదండీ, కొల్లేరే వేసుకుంటుంది’ అంది ఆవిడ.

అందరూ నవ్వారు. గంగమ్మ హాస్యాలాడే మనిషని అప్పటికే తెలుసు కనక విశ్వాసమూ నవ్వాడు. ఆ రోజు అతను నవ్వకుండా ఇంకొక్క మాట అడిగి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

పుష్యమాసంలో కషాయం కదిలింది. నాలుగు లందల్లోదీ కుండలకెత్తి, గడ్డి వేసిన పడవలో వరసగా పేర్చారు. అన్నిటికన్నా పాత లంద కుండ సారమ్మ ఒళ్ళో పెట్టుకుంది. ఖాళీ గుంతల్ని విశ్వాసమే మట్టి పోసి పూడ్చాడు. ఆఖరి గుంతలో మట్టి వెయ్యలేక గట్టున కూలబడి, తండ్రిని రెండోసారి పూడుస్తున్నట్టుంది సారమ్మా అని ఏడ్చాడు. మేడల మీదినుంచి ఎవరో కిటికీ తెరిచారు. మేడ కట్టాక ఆ కిటికీ తెరుచుకోవడం అదే మొదలని చెప్పుకున్నారు.

లంకలో మొదటి రోజులు హాయిగా గడిచాయి. లంకవాళ్ళు వలలు తెచ్చి నానేసుకునేవారు, పోతూ పోతూ సారమ్మకి చేపలు పడేసేవారు. దెందులూరు నుంచి జోగారావు కబురు పెట్టాడు. మాట మీదే నిలబడ్డాడు. విశ్వాసం వెళ్ళి తోళ్ళు పడవలో వేసుకొచ్చాడు. పక్కన ఖాళీ చాప వదిలి అవతలకి జరిగేవాళ్ళెవరూ లంకలో లేరు. ఇదేదో ముందే తట్టి ఉండాల్సింది అనుకున్నాడు విశ్వాసం.

ఫాల్గుణం వెళ్ళేసరికి కొల్లేరు తగ్గింది. ఎండలు ముదిరాయి. లందలు ఇగిరిపోతుంటే రోజూ పొద్దున్నే కొల్లేటి నీళ్ళు తెచ్చి పోస్తున్నాడు. ఎందుకో తోలు రంగు పట్టడం లేదు. తీసి ఆరబెడితే, అంత ఎండలోనూ చెమ్మ వదలడం లేదు. చెక్క మంచిది కాదనుకుని మార్చాడు. వెంట్రుకలు ఊడడానికి పెట్టే సున్నం ఎక్కువైందేమోనని తోళ్ళు మళ్ళీ కడిగాడు. వేలు ముంచి నాలిక మీద పెట్టుకునేవాడు. ఏదో తేడాగా ఉండేది. కొత్త చోటు కదా, సర్దుకుంటుందిలే అని తనకి తనే చెప్పుకునేవాడు. రోజూ రుచి చూసేవాడికి రోజూ కొంచెం మారేది తెలీదు.

ఒకనాడు మధ్యాహ్నం అన్నంలో పులుసు పోసుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పెట్టుకుంటూనే ఉమ్మేశాడు.

‘ఏం వంట ఇది! ఉప్పు కుమ్మరించావా? తోళ్ళు పాడై నేను చస్తుంటే నీకు చెయ్యి కూడా స్వాధీనంలో లేదా?’ అని అరిచాడు.

సారమ్మ గరిటె కింద పెట్టింది.

‘అసలు ఉప్పెయ్యలేదు మావా. నాలుగు రోజుల నుంచి వెయ్యడం లేదు. అయినా ఇలాగే ఉంటోంది.’

విశ్వాసం ఆవిడ మొహంలోకి చూశాడు. తరవాత పళ్ళెంలోకి చూశాడు. ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే లేచి లందల దగ్గరికి పరిగెత్తాడు. ఎండాకాలం కొల్లేరు తగ్గితే ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు వెనక్కి తంతుందని లంకలో పుట్టిన ప్రతి పిల్లకీ తెలుసు. తాగేవాళ్ళకి అది కాస్త కటువు, అంతే. కానీ లందలో నీరు ఇగిరిపోతుంది, ఉప్పు ఇగరదు. రోజూ తన చేతులతో తనే తెచ్చి పోశాడు. అన్నిటికన్నా పాత లంద ముందు కూర్చుని దోసెడు తీసుకుని తాగాడు. ఒట్టి ఉప్పు. పక్కదీ అంతే. నాలుగూ అంతే. ఎంత వెతికినా ఆ నాలిక మీదికి తాత రాలేదు.

‘మాకేం తెలుసు విశ్వాసం? మేం వీటిని నీళ్ళనే అంటాం’ అన్నాడు గంగరాజు, తప్పంతా తనదైనట్టు తల దించుకుని. గంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. వాళ్ళ మీద విశ్వాసానికి కోపం రాలేదు. తాతనీ తండ్రినీ పడవెక్కించి తీసుకొచ్చి ఉప్పునీళ్ళలో ముంచినవాడు తను. మూడు తరాలు నిలిపిన దాన్ని తను ఒక్క ఎండాకాలంలో పోగొట్టాడు. రెండు రోజులు గుడిసెలోంచి బయటికి రాలేదు. దెందులూరు తోళ్ళు సున్నం గుంతలో ఉన్నాయి. ఇంకొన్నాళ్ళు అలాగే ఉంటే పురుగు పడతాయి. కొత్తగా లంద పెట్టాలన్నా పాత కషాయం కుండెడైనా ఉండాలి.

మూడో నాడు సారమ్మ ఒక ఖాళీ కుండ తోమి, మూతికి గుడ్డ కట్టి, అతని ముందు పెట్టింది.

‘అన్నయ్య దగ్గరికి వెళ్ళు మావా.’

‘వాడి గుమ్మం తొక్కను.’

‘తొక్కకు. గుమ్మం బయటే నిలబడి అడుగు. మన బతుకంతా బయట నిలబడే కదా అడిగాం.’

విశ్వాసం లేచి కుండ చేతిలోకి తీసుకున్నాడు.

విశ్వాసం వెళ్ళేసరికి దేవరాజు చెట్టు కింద తోలు గీకుతున్నాడు. తలెత్తి మనిషిని చూశాడు, చేతిలో కుండని చూశాడు.

‘ఖాళీ కుండ తెచ్చావేం బావా?’

ఊరంతా తిరిగి తను తిట్టిన మనిషి ముందు నిలబడడం ఎంత కష్టమో విశ్వాసానికి ఆ నిమిషంలో తెలిసింది. లంక సంగతీ, ఉప్పు సంగతీ దాచకుండా చెప్పాడు. ‘చోటడగడానికి రాలేదు బావగారూ. మీ లందలోంచి ఒక్క కుండ పొయ్యండి, చాలు. ఎక్కడో అక్కడ చిన్న గుంత తవ్వుకుంటాను. దెందులూరు తోళ్ళు కుళ్ళిపోతున్నాయండీ.’

దేవరాజు చేతిలో కత్తి ఆగింది.

‘దెందులూరు తోళ్ళా? ఆ హక్కు ఎవరికో వదిలేసుకున్నావు కదా?’

‘నేనెందుకు వదులుకుంటానండీ! నువ్వెక్కడున్నా మా గొడ్లు మీవేనని జోగారావుగారు నోటితో అన్నారు.’

‘మరి అప్పుడు నా దగ్గరికొచ్చింది మా ఊరి గొడ్లలో వాటా అడగడానికి కాదా?’

‘వాటానా? గుంత తవ్వుకోడానికి చోటడిగాను!’

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తాతల నాటి నుంచీ వాళ్ళలో లంద ఎక్కడుంటే హక్కు అక్కడే. లంద ఒక ఊళ్ళో, గొడ్లు ఇంకో ఊళ్ళో ఉండడమన్నది ఎవరూ విన్నది కాదు. లంద ఎత్తేసినవాడు గొడ్లనీ వదిలేసుకున్నట్టే లెక్క. అందుకని చోటంటే దేవరాజుకి గొడ్లలో నాలుగో వాటా అని వినపడింది. ఉన్న గొడ్లు అన్నదమ్ములు మూడిళ్ళకే చాలడం లేదు, పిల్లల నోటి దగ్గర కూడు తీసి ఇవ్వలేక లేదన్నాడు. విశ్వాసానికేమో ఆ మాట వట్టి సాకులా వినపడింది.

‘ఆ ముక్క ఆ రోజే అని ఉండొచ్చుగా!’ అన్నాడు దేవరాజు.

‘మీరు గొడ్లు అన్న మాట ఎత్తారా? మూడిళ్ళు, నాలుగిళ్ళు అన్నారు.’

‘ఎత్తేవాణ్ణే, నువ్వు అన్నం తిని ఉంటే. పళ్ళెం ముందు పెట్టేసరికి మనిషివి లేవు.’

విశ్వాసానికి నవ్వొచ్చింది, నవ్వితే అది నవ్వులా రాలేదు. ఒక్క పూట కూర్చుని ఇద్దరూ అన్నం తిని ఉంటే లందలు పూడ్చిన మట్టి తడి ఆరకముందే ఇక్కడ తవ్వుకుని ఉండేవాడు. తాతనాటిది దక్కి ఉండేది. ఇప్పుడు నేల మొత్తం ఇచ్చినా ఏం లాభం? పొయ్యడానికి ఏముంది?

దేవరాజు కత్తి పక్కన పెట్టి లేచాడు. ‘రా’ అని మాత్రం అని, లందల వెనక్కి, వాలుగా దిగిన ఆ నేల వైపు నడిచాడు. అక్కడ విడిగా చిన్న గుంత ఉంది. పైన తాటాకులు కప్పి, ఎండ తగలకుండా తడిగోనె పరిచి ఉంది. అందులో ఒక్క తోలు కూడా లేదు. దేవరాజు గోనె తీశాడు.

‘చూడు.’

విశ్వాసం మోకాళ్ళ మీద కూర్చుని వేలు ముంచాడు. నాలిక మీద పెట్టుకున్నాడు. మళ్ళీ ముంచి మళ్ళీ పెట్టుకున్నాడు.

‘నీ కుండలోదే’ అన్నాడు దేవరాజు. ఆ రోజు అతను మాట్లాడినన్ని మాటలు అంతకుముందు ఎవరూ వినలేదు. ‘కుండ పుచ్చుకోకూడదనుకున్నాను. వాసన చూశాక వదల్లేకపోయాను. అలాంటి కషాయం నా లందల్లో కూడా లేదు. పుచ్చుకున్నానా, చోటివ్వలేదాయె. ఇంక నాదాంట్లో ఎలా కలుపుకోను? దొంగసొత్తు అవుతుంది. అందుకని దీనికి వేరే గుంత తవ్వి, మా బావి నీళ్ళు పోస్తూ, చెక్క వేస్తూ వచ్చాను. నీకు చోటు లేదన్నాను గాని బావా, దీనికి లేదనలేకపోయాను.’

తను ఊరంతా ఎవరిని తిట్టుకుంటూ తిరిగాడో ఆ మనిషి తన తాతకి ఎండ తగలకుండా రోజూ గోనె తడుపుతూ ఉన్నాడు. విశ్వాసానికి గుండెలోంచి తన్నుకొచ్చింది. చిన్నపిల్లాడిలా, సిగ్గు లేకుండా, ఆ గుంత మీదికి వంగి భోరుమన్నాడు. దేవరాజు గబుక్కున అతని భుజం పట్టి వెనక్కి లాగాడు.

‘ఏడిస్తే అవతలకి పోయి ఏడువు బావా! నీ ఉప్పుతో దీన్ని కూడా చెడగొడతావా ఏంటి?’

విశ్వాసం వెనక్కి జరిగి, తలగుడ్డతో మొహమంతా తుడుచుకుని, గునపం ఎక్కడుందని అడిగాడు.